థియేటర్ ఆర్ట్స్‌లో సీటు వచ్చింది, మొదటి ఏడాది ఎలా ఉంటుంది?

ప్రశ్న క్లుప్తంగా: మాది సూర్యాపేట దగ్గర పల్లె. బీకాం అయింది. హైదరాబాద్‌లో రెండేళ్ల థియేటర్ ఆర్ట్స్ పీజీలో సీటు వచ్చింది. కాలేజీ డేలో స్కిట్లు వేయడం తప్ప రంగస్థలం తెలియదు. రోజూ ఏం చేయిస్తారు? నా యాస అడ్డమవుతుందా? నటించనివ్వకుండా లైట్లకీ సెట్‌కీ వేస్తారట, నిజమేనా? చివరికి ఇది సినిమాకు పనికొస్తుందా?

సమాధానం:

కాలేజీ డేలో మీ స్కిట్‌కి చప్పట్లు పడే ఉంటాయి. అదే స్కిట్ మర్నాడు, వేరే ఊళ్లో, మీ స్నేహితులెవరూ లేని హాల్లో వేస్తే పడేవా? కోర్సు రెండేళ్లూ ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. ఒకసారి బాగా చేయడం చాలామందికి వస్తుంది. వచ్చినదాన్ని రేపు సాయంత్రం ఆరున్నరకు, నిద్ర చాలకపోయినా, ఎదుటి నటుడు మాట మరిచిపోయినా, మళ్లీ రప్పించుకోవడం మాత్రం నేర్చుకుంటేనే వస్తుంది. క్లాసులో మీకు విసుగు పుట్టించే పనుల్లో ఎక్కువ భాగం దీనికోసమే ఉంటాయి. ఇది తెలిసి చేరితే మొదటి సెమిస్టర్‌లోనే బ్యాగు సర్దుకోవాలనిపించదు.

మీ సీటు ఎక్కడన్నది రాయలేదు. నగరంలో ఈ చదువుకు ప్రధానంగా రెండు చోట్లున్నాయి. ఒకటి గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్. అక్కడ బోధన ఇంగ్లిష్‌లో ఉంటుంది, క్లాసులో నాలుగైదు రాష్ట్రాల పిల్లలుంటారు, కాబట్టి నాటకం ఏ భాషలోనైనా పడవచ్చు. రెండోది 1985లో పెట్టిన తెలుగు విశ్వవిద్యాలయం. మొన్నటిదాకా పొట్టి శ్రీరాములు పేరుతో ఉండేది, ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. అక్కడ పద్యనాటకం, జానపద కళారూపాలు ఇంటి వస్తువుల్లా చేతికందుతాయి. ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న వాదన అనవసరం. మొదటిచోట చేరితే ఇంగ్లిష్‌లో నాలుగు పేజీల వ్యాసం రాయడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి. రెండోచోట చేరితే శ్రుతిపెట్టె ముందు కూర్చోవడం మొదలుపెట్టండి.

పొద్దున క్లాసు దాదాపు అన్నిచోట్లా ఒంటితోనే మొదలవుతుంది: నడక, పరుగు, యోగా, నేలమీద దొర్లడం, ఒక్కోసారి కలరిపయట్టు లాంటి యుద్ధవిద్య వర్క్‌షాపు. నూలు ట్రాక్ ప్యాంట్లు మూడు, మోకాళ్ల ప్యాడ్లు ఒక జత కొనుక్కోండి. వాలీబాల్ ఆటగాళ్లు వాడేవి చాలు, కోఠిలో దొరుకుతాయి. ఇడ్లీ, దోశ తిని గంటన్నర గడవకుండా దొర్లకండి. మొదటి పది రోజులు తొడలు పట్టేస్తాయి, అది మామూలే. మోకాలి కీలు లోపల గుచ్చినట్టు నొప్పి మాత్రం మామూలు కాదు. ఆ రోజు ఆపి టీచర్‌కి చెప్పండి. పట్టుదల చూపించబోయి సెమిస్టర్ మొత్తం కుర్చీలో కూర్చున్న పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరుంటారు.

అసలు పని గొంతు దగ్గర. స్కిట్లలో మైకు ఉంటుంది కాబట్టి మీకు ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. మొదటి తప్పు అందరూ చేసేదే: వెనక వరుసకు వినిపించమనగానే అరుస్తారు. అరుపు గొంతు నుంచి వస్తుంది, అరగంటలో బొంగురుపోతుంది. దానికి విరుగుడు ఊపిరి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. పొట్టమీద ఒక లావుపాటి పుస్తకం పెట్టుకోండి. నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో పీల్చి, పళ్లమధ్య నుంచి ‘స్‌స్‌’ అంటూ సన్నగా వదలండి. పుస్తకం లేవాలి, భుజాలు లేవకూడదు. మొదట్లో పదిహేను సెకన్లకు ఊపిరి అయిపోతుంది. రోజూ పది నిమిషాలు చేస్తే నాలుగైదు నెలల్లో ముప్పై సెకన్ల దాకా వెళ్లొచ్చు. లెక్క పెరగడంకంటే శబ్దం మొదటినుంచి చివరిదాకా ఒకే మందంలో ఉందా అన్నది చూసుకోండి.

తెలుగులో దీనికి ప్రత్యేకమైన కారణం ఒకటుంది. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది, క్రియలోనూ ప్రాణమంతా ఆఖరి అక్షరంలో ఉంటుంది. ‘రేపు పొద్దున నేను మీ ఇంటికి వస్తాను’, ‘వస్తానా’, ‘వస్తానో’, ‘వస్తానట’. ఊపిరి మధ్యలోనే ఖర్చుచేసేస్తే ఆఖరి అక్షరం నోట్లోనే ఆగిపోతుంది. ప్రేక్షకుడికి ‘రేపు పొద్దున నేను మీ ఇంటికి’ దాకా వినిపించి, వస్తున్నదీ రానిదీ తెలియదు. కొత్త నటుల మాట అర్థంకాకపోవడానికి పదింట ఎనిమిదిసార్లు కారణం ఇదే. పరీక్షించడం తేలిక: మీ డైలాగు ఫోన్‌లో రికార్డు చేసి, ప్రతి వాక్యంలో చివరి రెండు అక్షరాలు మాత్రమే వినండి. సగానికి పైగా వినిపించకపోతే ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో స్క్రిప్టులో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని మళ్లీ చెప్పండి.

బొంగురుపోతే వేడినీళ్లు తాగి, రెండు రోజులు మాట తగ్గించండి. గుసగుసగా కూడా మాట్లాడొద్దు, దానివల్ల గొంతు ఇంకా బిగుసుకుంటుంది. మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే, మిరియాల పాలతో సరిపెట్టుకోవద్దు.

పద్యం పడితే ఇదంతా రెట్టింపవుతుంది. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, యతి పదో అక్షరం మీద. చంపకమాలలో ఇరవై ఒకటి, యతి పదకొండు. శార్దూలంలో పంతొమ్మిది, యతి పదమూడు. మత్తేభంలో ఇరవై, యతి పద్నాలుగు. స్కూల్లో బట్టీ పట్టిన ఈ లెక్కలు రంగస్థలం మీద మరో రకంగా పనిచేస్తాయి. కొత్తవాళ్లు పాదం అయిపోగానే ఊపిరి తీస్తారు. మన పద్యంలోనేమో పాదం అయిపోయిన చోట మాట అయిపోవాలని లేదు. ఒక్కోసారి ఒకే సమాసం పై పాదం చివర మొదలై కింది పాదంలోకి దిగుతుంది. అక్కడ ఊపిరి తీస్తే మాట రెండు ముక్కలవుతుంది, రాగం ఎంత బాగున్నా అర్థం పోతుంది.

అందుకని పద్యాన్ని నాలుగు రోజులకు పంచుకోండి. మొదటి రోజు పదాలు విడగొట్టి అర్థం రాసుకోవడం. రెండో రోజు అర్థం ఎక్కడ ఆగుతుందో అక్కడ అడ్డగీత, ఊపిరి తప్పక కావాల్సిన చోట నిలువుగీత. ఈ రెండూ ఎక్కువచోట్ల ఒకేచోట పడేలా చూసుకోవాలి. మూడో రోజు రాగం లేకుండా, వచనంలా, హాలు చివరిదాకా పంపుతూ చెప్పడం. నాలుగో రోజే హార్మోనియం. పాత రికార్డుల్లో మహానటులు పాడిన శ్రుతినే మీరూ పట్టుకోవాలనేమీ లేదు. పద్యంలో అన్నిటికంటే పైనున్న స్వరాన్ని వరసగా మూడుసార్లు, మెడనరాలు ఉబ్బకుండా అనగలిగిన శ్రుతి మీది. యూట్యూబ్‌లో విని రాగాన్ని ముందు పట్టేసుకున్నవాళ్లకు ఆ తర్వాత అర్థం ఎక్కించడం చాలా కష్టం. నాలుక ఆ సాగదీతకు అలవాటుపడిపోతుంది.

ఇక యాస. మీ యాస తప్పు కాదు, ఎవరైనా సరిదిద్దుకోమంటే ‘ఏ పాత్ర కోసం?’ అని మర్యాదగా అడగండి. నల్గొండ మాట నోట్లో ఉన్నవాళ్లకు తెలంగాణ నేపథ్యమున్న నాటకాల్లో దొరికే చనువు బయటివాళ్లు ఆర్నెల్లు కష్టపడినా రాదు. అయితే మీ యాస తప్ప మరొకటి పలకలేకపోతే అది లోటే. మీరే కాదు, గుంటూరు నుంచి వచ్చినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. గురజాడ ‘కన్యాశుల్కం’ పాఠంలో తప్పక వస్తుంది. 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో బాగా పెంచి తిరగరాశారు. మనం చదివేది ఆ రెండో కూర్పునే. అందులో విజయనగరం ప్రాంతపు మాట పాత్రకో తీరుగా ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే ఆ ప్రాంతంవాళ్ల మాట రికార్డు చేసుకుని, పలికినది పలికినట్టు, దీర్ఘాలతో సహా కాగితం మీద రాయాలి. విని అనుకరిస్తే మూడో వాక్యానికే మీ యాసలోకి జారిపోతారు. రాసుకుంటే ఎక్కడ జారారో తెలుస్తుంది.

యాసతో సంబంధం లేకుండా అందరూ సాధన చేయాల్సినవి కొన్ని ఉన్నాయి: ల–ళ, న–ణ, స–శ–ష, ఒత్తక్షరాలు. రోజూ పేపర్లో సంపాదకీయం పైకి చదివితే చాలు. నోట్లో పెన్సిల్ పెట్టుకుని చదవమని చెప్పేవాళ్లుంటారు. దానివల్ల దవడ బిగుసుకోవడం తప్ప పెద్దగా ఒరిగేది కనిపించదు.

నటన క్లాసులో మొదట ఇంప్రొవైజేషన్లు, అంటే స్క్రిప్టు లేకుండా అప్పటికప్పుడు అల్లే సన్నివేశాలు, చేయిస్తారు. స్కిట్ల అలవాటున్నవాళ్లు ఇక్కడే దొరికిపోతారు, ఎందుకంటే నవ్వించాలన్న తొందరలో ఎదుటివాడి మాట వినరు. అతను ‘నీ గొడుగు తడిసింది’ అంటే ‘ఇది గొడుగు కాదు, తుపాకి’ అంటారు. ఒక నవ్వు వస్తుంది, సన్నివేశం చచ్చిపోతుంది. అతను ఇచ్చిన గొడుగును ముందు పుచ్చుకోండి.

తర్వాత సన్నివేశం. రష్యన్ దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ నటన పద్ధతిలో మిమ్మల్ని పదేపదే అడిగే ప్రశ్న ‘ఈ పాత్రకు ఇప్పుడు ఏం కావాలి?’ అని. పిల్లలు రాసే జవాబులు ‘బాధగా ఉంది’, ‘కోపంగా ఉన్నాడు’. అవి స్థితులు, వాటిని ఆడలేం. ఆడదగినది ఎదుటివాడి మీద చేసే పని: ఒప్పించాలి, తప్పించుకోవాలి, పరీక్షించాలి, సిగ్గుపడేలా చేయాలి. మీరు ఇంట్లో చేసుకోదగిన చిన్న సాధన ఒకటి ఇస్తాను. నాలుగే మాటలు:

‘చాయ్ తాగుతవా?’
‘ఇప్పుడే తాగొచ్చిన.’
‘కొంచెం తాగు.’
‘సరే.’

మొదటిసారి: రెండోవాడు అప్పు అడగడానికి వచ్చాడు, అది మొదటివాడికి తెలుసు, అడగనివ్వకూడదు. రెండోసారి: పెళ్లి సంబంధం చెడగొట్టింది ఎవరో మొదటివాడు కనుక్కోవాలి, చెడగొట్టింది రెండోవాడే. మూడోసారి: అన్నదమ్ములు పదేళ్ల తర్వాత కలిశారు, ముందు ఎవరు మెత్తబడాలన్నది తేలాలి. మాట ఒక్కటీ మారకూడదు. మూడుసార్లూ ఆ ‘సరే’ వేర్వేరుగా రావాలి. దాన్ని వేరే గొంతుతో అనడానికి ప్రయత్నించకండి. ఎదుటివాడి నుంచి ఏం కావాలో మార్చుకోండి, ‘సరే’ దానంతటదే మారుతుంది. బాగా వచ్చినప్పుడు గ్లాసు ఏ చేత్తో పట్టుకున్నారు, ఏ మాట దగ్గర కళ్లెత్తారు, ఎంతసేపు ఆగారు అన్నది వెంటనే నోట్‌బుక్‌లో రాయండి. మర్నాడు అది రాకపోతే ఆ భావాన్ని వెతుక్కుంటూ కూర్చోకండి, రాసుకున్న పనులు వరసగా చేయండి. చాలాసార్లు భావం వెనకాలే వస్తుంది. ఈ నోట్‌బుక్‌నే కొన్నిచోట్ల జర్నల్ అని పేరుపెట్టి మార్కులు కూడా వేస్తారు. ‘ఈ రోజు క్లాసు ఎంతో స్ఫూర్తినిచ్చింది’ లాంటి వాక్యాలకు మార్కులు పడవు.

థియరీ గురించి భయపడాల్సింది తక్కువ. భరతుడి నాట్యశాస్త్రం, గ్రీకు నాటకం, జర్మన్ నాటకకర్త బ్రెష్ట్, బెంగాలీ నాటకకర్త బాదల్ సర్కార్, తెలుగు నాటక చరిత్ర ఎటూ ఉంటాయి. చదివినదాన్ని ప్రాక్టికల్‌తో ముడిపెట్టుకుంటే గుర్తుంటుంది. ఉదాహరణకు, భరతుడు దీర్ఘచతురస్రంగా ఉండే మధ్యమ నాట్యగృహానికి 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు చెప్పాడు. హస్తం సుమారు అడుగున్నర కాబట్టి, దాదాపు 96 అడుగులు, 48 అడుగులు. అంతకుమించితే మాట స్పష్టంగా వినపడదు, ముఖంలో భావం కనపడదు అని కారణం కూడా చెప్పాడు. రవీంద్రభారతిలో ఆఖరి వరసలో కూర్చుని ఒక నాటకం చూడండి, ఆయన చెప్పింది అక్కడికక్కడే తెలుస్తుంది.

మీ మూడో ప్రశ్న, లైట్లకీ సెట్‌కీ వేస్తారా అని. వేస్తారు, వేయాలి. పదిహేను మంది క్లాసులో ఒక నాటకంలో అందరికీ ప్రధాన పాత్రలుండవు. నా ఉద్దేశంలో మొదటి ప్రొడక్షన్‌లో, తెరవెనక నుంచి ప్రదర్శన నడిపే స్టేజ్ మేనేజర్ పని దొరికినవాళ్లే అదృష్టవంతులు. నటుడికి తన భాగమే తెలుస్తుంది, స్టేజ్ మేనేజర్‌కి నాటకం మొత్తం తెలుస్తుంది.

విద్యార్థుల నాటకానికి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు, రోజుకు మూడు గంటలు పడుతుంది. మొదటి వారం కూర్చుని చదవడం, తర్వాత రెండు వారాలు బ్లాకింగ్, అంటే ఎవరు ఎప్పుడు ఎక్కడ నిలబడాలో, ఎటు కదలాలో తేల్చుకోవడం. మూడో వారం చివరికి కాగితం చేతిలోంచి పోవాలి. అక్కణ్నుంచి మధ్యలో ఆపకుండా మొత్తం ఆడే రన్‌త్రూలు. చివరి నాలుగు రోజులు టెక్నికల్, గ్రాండ్ రిహార్సల్. చెడేది ఎక్కువగా ఆ మూడో వారంలోనే. డైలాగులు సగం వచ్చినవాళ్లు సొంత మాటలు కలిపి నెట్టుకొస్తారు, దాంతో ఎదుటివాళ్లకు క్యూ, అంటే తమ మాట ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే గుర్తు, అందదు. కంఠతా పట్టేటప్పుడు ఎదుటి పాత్ర ఆఖరి మూడు మాటలతో కలిపి పట్టండి, అదీ భావం లేకుండా, చదునుగా. ఇంట్లో ఏడుస్తూ బట్టీపడితే ఆ ఏడుపు అదే రాగంలో గడ్డకట్టుకుపోతుంది, దర్శకుడు మార్చమంటే మారదు.

స్టేజ్ మేనేజర్ దగ్గరుండే ప్రాంప్ట్ కాపీ ఇలా తయారుచేస్తారు: పెద్ద రిజిస్టర్‌లో కుడి పేజీకి స్క్రిప్టు అంటించి, ఎడమ పేజీ ఖాళీగా వదులుతారు. కదలికలు పెన్సిల్‌తోనే రాయాలి, మారతాయి కాబట్టి. కుడి ఎడమలు నటుడివి, ప్రేక్షకులవి కావు. మొదటి వారంలో అందరూ తప్పేది ఇక్కడే. క్యూ రాయడంలో కచ్చితంగా ఉండాలి. ‘ఆమె తలుపు తీసినప్పుడు లైటు’ అని రాస్తే ఆపరేటర్ ఒక్కోరోజు ఒక్కోచోట వేస్తాడు. ‘లైట్ 14, పేజీ 22, ‘ఎవరది’లో ‘ది’ మీద, 3 సెకన్లలో’ అని రాస్తే నాలుగు ప్రదర్శనలూ ఒకేచోట పడుతుంది. క్యూకి అర నిమిషం ముందు ‘స్టాండ్‌బై 14’ అంటారు, సమయానికి ‘గో’ అంటారు. హెడ్‌సెట్‌లో మామూలు కబుర్లలో ‘గో’ అన్న మాట అనకూడదు. అంటే వచ్చే చీకటికి బాధ్యత మీదే.

లైట్లలో తెలుసుకోవాల్సిన మొదటి లెక్క కరెంటుది. పార్ 64 అనే పాత హేలోజన్ స్టేజ్ లైటు ఒకటి 1000 వాట్లు, అంటే 230 వోల్టుల మీద నాలుగున్నర ఆంపియర్లకు కాస్త తక్కువ లాగుతుంది. 16 ఆంపియర్ల పాయింట్ మీద మూడు పెట్టొచ్చు. నాలుగు పెడితే పదిహేడు దాటుతుంది. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే ఆపేసే స్విచ్) వెంటనే పడదు కాబట్టి ఏమీ కాలేదనుకుంటారు, ఆలోపు ప్లగ్గూ వైరూ వేడెక్కుతుంటాయి. తెరకూ హేలోజన్‌కూ మధ్య కనీసం మూడడుగులు ఉండాలి. ముఖానికి లైటు ఎదురుగా పెడితే ముఖం చదునైపోతుంది, నెత్తిమీద పెడితే కళ్లు గుంటలవుతాయి. పైనుంచీ పక్కనుంచీ నలభై ఐదు డిగ్రీల్లో చెరోవైపు ఒకటి, ఒకటి కొంచెం వెచ్చగా, ఒకటి కొంచెం చల్లగా. అక్కడ మొదలుపెట్టండి. ఎర్రటి లైటులో ఆకుపచ్చ చీర నల్లబడుతుంది. కాస్ట్యూమ్ కొనేముందే గుడ్డముక్క లైటు కింద చూడండి. ఇప్పుడు ఎక్కువచోట్ల ఎల్ఈడీలున్నాయి. కరెంటు బాధ లేదు గానీ, ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి తెలుపు తెప్పిస్తే ముఖాలు జబ్బుపడ్డట్టు కనిపిస్తాయి. వెచ్చటి తెలుపు విడిగా ఉన్న ఎల్ఈడీ అడగండి.

సెట్‌లో లెవెల్స్ అంటే ఎత్తు కోసం వేసే బల్లలు: ఎనిమిదికి నాలుగు అడుగుల ప్లైవుడ్, 18 లేదా 19 మిల్లీమీటర్లది, కింద ప్రతి రెండడుగులకూ చట్రం. కిర్రుమంటే కర్రకూ కర్రకూ రాపిడి. సందులో పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టి బోల్టు బిగించండి, పోతుంది. మెట్టు అంచులకు రేడియం టేపు వేయకుండా బ్లాక్ఔట్ (వేదికంతా చీకటి) పెట్టొద్దు. పట్టీలు, గాజులు, పూసలదండల లాంటివి బేగంబజార్‌లో చవక. ఎలక్ట్రికల్ చిల్లరకు కోఠి గుజరాతీ గల్లీ. చీరకట్టు, చెప్పులు పాత్రవి ఏవైతే ఉన్నాయో అవి నాలుగో వారం నుంచే వేసుకుని రిహార్సల్ చేయండి. ప్రదర్శన రోజు మొదటిసారి కుచ్చిళ్లు కట్టుకుని మెట్లెక్కే అమ్మాయి డైలాగు మీద కాదు, కాళ్లమీద ధ్యాసపెడుతుంది.

మేకప్ విషయంలో మన నాటకానికి పాతరోగం ఒకటుంది: అందరినీ తెల్లగా చేయడం. పాన్‌కేక్ మీ చర్మం రంగుకు సరిపడేది వాడండి, చిన్న హాల్లో పలచగా చాలు. మీసం అతికించే స్పిరిట్ గమ్ ముందురోజే మోచేతి లోపలివైపు కొంచెం రాసి చూసుకోండి, మంట పుడితే వద్దు. తుడవడానికి ముందు కొబ్బరినూనె, తర్వాతే సబ్బు.

ఇంకో సంగతి నేరుగా చెప్పాలి. దగ్గరితనం ఉన్న సన్నివేశాలుంటాయి. ఎక్కడ తాకొచ్చు, ఎక్కడ తాకకూడదు అన్నది ముందే మాట్లాడుకుని, ప్రాంప్ట్ కాపీలో కదలికలాగే రాసుకోవాలి. ‘ఫ్లోలో వచ్చేసింది’ అన్నది సాకు మాత్రమే. ఇబ్బందైతే ప్రతి విద్యాసంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి, చేరిన వారంలోనే దాని వివరాలు తెలుసుకోండి. రిహార్సల్ ముగింపు వేళను ఆఖరి మెట్రో, ఆఖరి బస్సు చూసుకుని పెట్టమని అడగడం కూడా తప్పు కాదు.

క్లాసు బయట చూడాల్సినవి: బంజారాహిల్స్‌లో లామకాన్. 2010లో మొదలైన ఆరుబయటి వేదిక, అక్కడ గొంతు గాల్లో కలిసిపోతుంది కాబట్టి వినడానికి మంచి పాఠం. రవీంద్రభారతిలో పద్యనాటకాలు, పోటీ నాటకాలు. శేరిలింగంపల్లిలో సురభి నాటక కుటుంబాలు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సంప్రదాయం. వాళ్ల ‘మాయాబజార్’ మొదటిసారి ప్రేక్షకుల్లోంచి చూడండి, రెండోసారి అనుమతి అడిగి వింగ్‌లోంచి, అంటే వేదిక పక్క తెరచాటు నుంచి, చూడండి. తీగలూ కప్పీలూ ఎవరు ఏ మాటకు లాగుతున్నారో లెక్కపెడితే, హెడ్‌సెట్ లేకుండా క్యూలు ఎలా నడుస్తాయో తెలుస్తుంది. ఊరికే చూస్తూ నిలబడకండి, పెట్టెలు మోయడానికి చెయ్యేయండి. ఒగ్గుకథ మీ వైపు ఎలాగూ ఉంటుంది. ప్రాజెక్టుకు దాన్ని తీసుకుంటే డోలు దెబ్బా, అడుగులూ మాత్రం పట్టుకొచ్చి ఫ్యూజన్ అనకండి. ఒకే మనిషి కథకుడిగా ఉంటూనే క్షణంలో పాత్రలోకి దూకి మళ్లీ బయటికి రావడం అందులో అసలు పనితనం, నటుడు పాత్రలో పూర్తిగా మునిగిపోకూడదన్న బ్రెష్ట్ మీద క్లాసు తర్వాత చూస్తే మరీ బాగా కనిపిస్తుంది. నేర్పిన కళాకారుడికి డబ్బివ్వండి, బ్రోచర్‌లో పేరు వేయండి.

తర్వాత దారులు: స్కూళ్లలో డ్రామా టీచరు, డబ్బింగ్, యూజీసీ నెట్ రాసి అధ్యాపకవృత్తి, ఇంకా చదవాలనుకుంటే ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సు. కేంద్ర సంస్కృతి శాఖ 18 నుంచి 25 ఏళ్లవాళ్లకు నెలకు 5,000 చొప్పున రెండేళ్లు యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఇస్తుంది. గురువు దగ్గర అయిదేళ్ల శిక్షణ అడుగుతారు, కాబట్టి మీకు ఇప్పుడే కుదరదు, మీ ఊళ్లో చిన్నప్పట్నుంచి భజనో, భాగవతమో నేర్చినవాళ్లుంటే చెప్పండి.

సినిమా. కోర్సు పూర్తయినందుకు ఎవరూ వేషం ఇవ్వరు. రంగస్థలం గొంతు, రంగస్థలం కనుబొమలు కెమెరా ముందు సగానికి సగం తగ్గించుకోవాలి, అది పది రోజుల్లో వస్తుంది. పదిరోజుల్లో రానిది మరొకటుంది. ఒకే సన్నివేశాన్ని దూరం నుంచి ఒకసారి, దగ్గర్నుంచి ఒకసారి, ఎదుటివాడి భుజం మీంచి ఒకసారి తీస్తారు. మొదటి షాట్‌లో ఏ మాట దగ్గర గ్లాసు ఎత్తారో, మూడు గంటల తర్వాత పదకొండో టేక్‌లోనూ అదే మాట దగ్గర, అదే చేత్తో ఎత్తాలి. లేకపోతే ఎడిటింగ్‌లో అతకదు, మీ మంచి టేక్ చెత్తబుట్టలోకి పోతుంది. కోర్సు మొదలయ్యేలోపు ఆ చాయ్ సన్నివేశాన్ని ఫోన్‌లో అయిదుసార్లు తీసి, శబ్దం తీసేసి, గ్లాసును మాత్రమే చూడండి.